మగగువ్వ వంతు

వచ్చాడు. వసారా చూరు కింద వెదురుబొంగుకి మడతలు వేసి కట్టిన మా వల మీదికి, రోజూ వచ్చే వేళకే, తోకలో ఒక ఈక విరిగిన మగగువ్వ వచ్చి వాలాడు. గూట్లో ఉన్న ఆడది లేచింది, పక్కకి జరిగింది, ఒక పలకరింపు లేదు, ఒక అప్పగింత లేదు, రెక్కలు టపటపలాడించుకుంటూ జీడితోటల వైపు వెళ్ళిపోయింది. వీడు రెండడుగులు వేసి, మెడ ఒకసారి ముందుకీ వెనక్కీ ఆడించి, పిల్లల మీద పొట్ట ఆనించి కూర్చున్నాడు. అంతే, అయిపోయింది. కిటికీకి ఇవతల మంచం మీద నేనూ కూర్చున్నాను. నా భుజం మీద నాలుగో నెల నడుస్తున్న నా కూతురు మోహిని ఏడ్చి ఏడ్చి అలిసిపోయి వెక్కుతోంది, ప్రతి వెక్కుకీ దాని చిన్న పొట్ట నా ఛాతీకి తగిలి ఖాళీగా ఉన్న సంగతి చెబుతోంది. పొద్దున దీన్ని నా చేతుల్లో పెట్టడానికి యామినికి ఎంతసేపు పట్టిందని! గడప దాటింది, వెనక్కి వచ్చింది, ముద్దు పెట్టింది, ఆటో దాకా వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. గువ్వలకి ఆటోలు లేకపోవడం వాటి అదృష్టం.

యామినిది పక్క ఊరి ఆసుపత్రిలో రక్తం పరీక్షల పని. ఇంటికొక కిడ్నీ జబ్బు ఉన్న మా ఉద్దానంలో నడక రాని పిల్లలకి తప్ప అందరికీ క్రియాటినిన్ అంటే ఏమిటో తెలుసు, ఆ లెక్క పైకి పోయిందా కిందికి వచ్చిందా అని జనం ఆమె ముఖం వంక చూస్తూ నిలబడతారు, ఆమెకి ఆ పనంటే ప్రాణం. టెక్కలి కాలేజీలో చదివి, ఎన్ని ఏళ్ళు తిరిగితే వచ్చిన పనో అది. పురుడు సెలవు నిన్నటితో అయిపోయింది. పాలు పిండి రెండు స్టీలు గిన్నెల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నా ముఖం చూడకుండా చెప్పింది. "మద్దేనం అన్నానికొత్తాను బావా. అప్పటికీ తాగకపోతే మరి నానెల్లను. ఆ జాబ్ నాకొద్దు." ఆమె అంటే అన్నట్టే. ఆమె మానేస్తే ఇక్కడి వేట ఒక్కదానితో ఇల్లు గడవదు, నేను మళ్ళీ వెరావల్ పోవాలి, మా పేట మగాళ్ళంతా పోయినట్టే ఆగస్టులో రైలెక్కి గుజరాత్ బోట్లలో పడి, మళ్ళీ ఎండాకాలానికి కదా రావడం! అప్పటికి ఇది నడుస్తూ ఉంటుంది, మాట్లాడుతూ ఉంటుంది. ఏటా మనుషుల్ని తీసుకుపోయే లోకనాథం మావ పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఏరా కామేశూ, నీ పేరు ఎక్కించమంటావా నేదా? మద్దేనానికల్లా సెప్పాల." సెప్తాను మావా అన్నాను. రెండు గిన్నెల్లో ఒక గిన్నె పాలు చెంచాతో పట్టబోతే ఇప్పటికే దీని గౌను మీదా నా లుంగీ మీదా పోయాయి. ఇంకొక్కటి మిగిలింది, వేడినీళ్ళ చెంబులో కూర్చుని నా వంక చూస్తోంది.

వెక్కులు తగ్గాయి. కళ్ళు మూసుకుంది గాని నిద్రపోలేదు, నోరు గాలిని చప్పరిస్తోంది. కాసేపు ఊరుకోనీ. ఊరుకుంటే నా బుర్ర ఊరుకోదు, అది గువ్వల మీదికి పోతుంది. చిన్నప్పటినుంచీ నాకిదే జబ్బు, నాలుకచేప చిక్కితే దాన్ని బుట్టలో వెయ్యక దీనికి కళ్ళు ఒకే పక్కన ఎందుకున్నాయని అడిగేవాణ్ణి, పడవలో అందరూ నన్ను నీళ్ళలో తొయ్యబోయేవారు. ఈ ఏడు వేట ఆపేసిన రోజుల్లో వల ఉతికి ఆరబెట్టి చూరుకి కట్టానో లేదో ఈ జంట వచ్చి చూసుకుంది. ముందు వీడి వేషాలు! కొబ్బరిచెట్ల పైదాకా నిలువునా ఎగిరి, రెక్కలు చప్పట్లు కొట్టినట్టు కొట్టి, తోక విసనకర్రలా విప్పి, గుండ్రంగా జారుతూ కిందికి దిగేవాడు. తర్వాత దాని ముందు నిలబడి, గొంతు ఉబ్బించి, తల వంచి దండం మీద దండం. గుగ్గుగ్గూ, గుగ్గుగ్గూ. అది గింజలు ఏరుకుంటూ అటు తిరిగేది, వీడు చుట్టూ తిరిగి మళ్ళీ దండం. నేను యామిని కోసం ఇంత కష్టపడలేదు. మేనమామ కూతురు కదా, దండాలు మా అమ్మే పెట్టింది.

గూడు మాత్రం సిగ్గుచేటు. వీడు ఒక్కో పుల్లా తెస్తాడు, అది కూర్చున్న చోటే పొట్ట కింద దోపుకుంటుంది, ఇరవై పుల్లలు ఉంటాయో ఉండవో, మధ్యలో మా వలదే ఒక నీలం దారం ముక్క. కింద నిలబడి చూస్తే తెల్లటి గుడ్లు రెండూ పుల్లల సందుల్లోంచి కనబడేవి. పిచ్చుక ఎంత పనితనంగా కట్టుకుంటుంది, ఇవేమిటి ఇంత బద్ధకం? ఈ గాలికి నిలబడుతుందా? తిత్లీ తుఫానుకి మా జీడిచెట్లు వేళ్ళతో లేచిపోయాయి, పనసలు పడిపోయాయి, గువ్వలు కొన్నాళ్ళు కరెంటు తీగల మీద తప్ప ఎక్కడా కనబడలేదు, ఆ తర్వాతే ఇవి ఇళ్ళలోకి, మేడమెట్ల కిందకి, ఆపేసిన మోటార్ల మీదకి రావడం నేను చూసింది. పోతే ఇరవై పుల్లలే కదా, ఇంకో చోట ఇంకో ఇరవై, అదా వీటి లెక్క? ఏడాదిలో ఎన్నిసార్లు పెడతాయో, ఒక కాన్పు పిల్లలు ఎగిరీ ఎగరకముందే మళ్ళీ దండాలు మొదలట. జెముడుకాకికి కొన్ని, పాముకి కొన్ని, మిగిలినవి గువ్వలు. తెలివైన లెక్కో, దిక్కుమాలిన లెక్కో ఇంకా తేల్చుకోలేదు నేను.

మొదట్లో నేను కూడా పప్పులో కాలేశాను. గుడ్ల మీద పొద్దస్తమానం ఒకటే కూర్చుంటుందనుకున్నాను, తిండీ నీళ్ళూ లేకుండా ఎలా బతుకుతోందా అని జాలిపడి గింజలు కూడా చల్లాను. రెండూ ఒకేలా ఉంటాయి మరి, అదే గులాబీ రంగు పొట్ట, మెడ వెనక అవే తెల్ల చుక్కలు. ఒకనాడు మధ్యాహ్నం చూస్తే తోకలో ఈక విరిగి ఉంది, సాయంత్రం చూస్తే తోక నిండుగా ఉంది. ఈక అంతలో మొలవదు కదా! కూర్చుని కాపలా కాశాను. మనం చద్దన్నం తినేసి లేచే వేళకి విరిగిన తోక వస్తుంది, ఎండ వాలే వేళకి పోతుంది, రాత్రంతా నిండు తోకది. వీటిలో మగది ఏది? అమ్మని పిలిచి చూపించాను. "రెండూ ఆడవే అయ్యుంటాయి. అక్కసెల్లెల్లు. మగోడు గుడ్ల మీద కూకుంతాడేటి, ఎర్రోడా!" అంది మా అమ్మ జోగమ్మ. ఆ మాట పూర్తి కాకముందే విరిగిన తోకవాడు కొబ్బరిమట్ట మీద కూర్చుని, గొంతు ఉబ్బించి, గుగ్గుగ్గూ అని దండం పెట్టాడు. అమ్మ మూతి తిప్పుకుని లోపలికి పోయింది. నేను ఆ రోజు పొందిన సంతోషం చందువలు వల నిండా పడినప్పుడు కూడా పొందలేదు.

ఈ వంతులు చూశాకే నాకు ఆలోచన వచ్చింది, అది ఎవరికీ చెప్పలేదు, యామినికి తప్ప. వేట మళ్ళీ మొదలయ్యాక పాపారావు గారి పడవలో తెల్లారకుండా పోయి పొద్దు కాస్త ఎక్కేసరికి ఒడ్డుకి వచ్చేస్తాను, అప్పుడు ఆమె పనికి పోవచ్చు, పగళ్ళు నావి, రాత్రులు ఆమెవి. వెరావల్ మానేస్తాను. విని ఆమె ఫోన్ తీసి, ఏదో చదివి ఫక్కున నవ్వింది. "బావా, గువ్వల గొంతులో పాలుంతాయట. పిల్లలు పుట్టాక కొన్నాల్లు అయ్యే తిండట. మగదానికీ వొత్తాయట!" పాలా? గువ్వకా? చన్నుల్లేకుండా? గింజలు దాచుకునే సంచీ గోడలోంచి పెరుగు తరకల్లాంటిది ఊరుతుందట, ఆడదానికీ మగదానికీ సమానంగా. నాకు రెండు రోజులు తిండి సయించలేదు. ఎవడు నేర్పాడు వాడికి? ఆ గొంతులో పాలు వచ్చే ముందు నొప్పి వేస్తుందా? తనకి వస్తున్నాయని వాడికి తెలుస్తుందా? ఒడ్డున చీట్లపేక ఆడేవాళ్ళకి ఈ సంగతి చెప్పడం నా బుద్ధితక్కువ. అప్పటినుంచి నేను కనబడితే చాలు, "కామేశ్ పొదుగుతన్నాడ్రా, జరగండి జరగండి" అని చోటిస్తున్నారు.

మోహిని కదిలింది. కళ్ళు తెరిచి నన్ను చూసి, నేను వాళ్ళమ్మని కానని గుర్తు తెచ్చుకుని, పెదవి కింది పక్కకి వంచి, అదిగో మొదలైంది. వసారాలో ఎండుచేపలు ఏరుతున్న అమ్మ అక్కడినుంచే అందుకుంది. "గువ్వలకి బారసాల సేసింది సాల్గాని ఉగ్గుగిన్నె తియ్యరా. కాల్ల మీద ఏసుకో. ముక్కు కాసింత నొక్కు, నోరు అదే తెరుత్తాది. నిన్నూ అలగే పెంచినాను." తీశాను. ముక్కున్న ఈ ఇత్తడి గిన్నెతోనే నాకూ పోసింది, మా పేటలో పిల్లలందరికీ ఇలాగే పోస్తారు, కాళ్ళు చాపి, వాటి మధ్య పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, గిన్నె ముక్కు నోట్లో పెట్టి వంచేయడమే. పాల సీసా పెట్టొద్దని యామిని ఆసుపత్రిలో అందరికీ చెప్పే మనిషి, నేను సీసా కొననూ లేను. కాళ్ళు చాపాను. పడుకోబెట్టాను. ముక్కు నొక్కడానికి చెయ్యి రాలేదు, గిన్నె మాత్రం వంచాను. దాని గొంతులో గుటక పడలేదు, గరగరమంది, ముఖం ఎర్రబడింది, పాలు ముక్కులోంచి వచ్చాయి, ఊపిరి ఆగి, కళ్ళు నన్నే చూస్తూ, నా ప్రాణం పైకే పోయింది. ఎత్తి వీపు మీద తట్టాను. దగ్గింది. ఊపిరి తీసుకుని ఇంటి పైకప్పు లేచిపోయేలా ఏడ్చింది. పడవ బోల్తా కొట్టి అలల్లో పడ్డప్పుడు కూడా ఇంత భయపడలేదు నేను.

దాన్ని ఎత్తుకుని గదిలో తిరుగుతున్నాను, ఊరుకో తల్లీ ఊరుకో, నేను నీకు కొత్తవాణ్ణా, కొత్తవాణ్ణే కదా. నేను కూడా మా అయ్యని చూసి ఇలాగే ఏడ్చానట. నాకు పది నెలలప్పుడు ఆయన వెరావల్ నుంచి మొదటిసారి వచ్చి ఎత్తుకోబోతే దొంగని చూసినట్టు చూసి అమ్మ కొంగులో దూరానట, అమ్మ దాన్ని వేళాకోళంగా చెప్పేది, అందరూ నవ్వేవారు, ఆయన కూడా నవ్వేవాడు. ఏటా అంతే, ఎండాకాలంలో ఒక మనిషి సంచీ నిండా ప్లాస్టిక్ బొమ్మలతో వచ్చేవాడు, నేను అలవాటు పడేసరికి సంచీ సర్దుకునేవాడు. ఆయన కిడ్నీలు పాడయ్యాక, చనిపోయేదాకా, పలాసకి రక్తం శుద్ధి చేయించుకోవడానికి తీసుకువెళ్ళేవాణ్ణి, అప్పుడు బస్సులో పక్కపక్కన కూర్చున్నాం, అంతసేపు కూర్చోవడం మా ఇద్దరికీ అదే మొదలు. ఒకరోజు దారిలో అడిగాడు. "కామేశూ, నీకు రొయ్యలంటే ఇట్టం కాదేటి? ఈయేళ తెత్తాను." నాకు రొయ్యలు పడవు. చిన్నప్పటినుంచీ తింటే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, పేటంతటికీ తెలుసు. తెమ్మన్నాను. తెచ్చాడు. తిన్నాను, రాత్రంతా గోక్కున్నాను. ఆయన మీద నాకు కోపం లేదు, ఎప్పుడూ లేదు, కానీ మోహిని ఏది తింటుందో ఏది పడదో ఎవరో చెబితే నేను తెలుసుకోవడమా? ఒద్దు. అలా ఒద్దు నాకు.

కిటికీ దగ్గర ఆగాను. ఏడుపు దాని గొంతులో కీచుమని సన్నబడిపోయింది, బయట ఇంకో కీచుమనే చప్పుడు ఉంది, అంత సన్నంగానే. మోహిని కూడా విన్నట్టుంది, ఏడుపు మధ్యలో ఆపి తల అటు తిప్పింది. విరిగిన తోకవాడు గూడు అంచుకి జరిగి నిలబడ్డాడు. గుడ్లు ఈ వారంలోనే పగిలాయి, ఇంతవరకు పిల్లల్ని పొట్ట కింద దాచే ఉంచాడు, ఇంత తేటగా చూడటం ఇప్పుడే. ఎంత అందవికారంగా ఉన్నాయి తల్లీ, నల్లటి తోలు మీద పసుపు పచ్చటి వెంట్రుకలు, ముఖానికి మించిన ముక్కులు! ఇప్పుడు వాడు వాటి నోట్లో పాలు ఎలా పోస్తాడు? కాకిని చూశాను, పిచ్చుకని చూశాను, పిల్ల నోరు తెరుస్తుంది, తల్లి ముక్కు దాని నోట్లో పెట్టి కుక్కుతుంది. వాడు కుక్కలేదు. తల వంచి నోరు తెరిచాడు, అంతే, కదలకుండా ఉన్నాడు. పిల్ల గుడ్డిగా తడుముకుంటూ లేచింది, పక్కకి పడింది, మళ్ళీ లేచింది, తన ముక్కు తీసుకెళ్ళి వాడి నోట్లో దోపింది. పిల్లే దోపింది! ఇంకోవైపు నుంచి రెండోది కూడా. అప్పుడు, అవి పట్టుకున్నాకే, వాడి గొంతు పైకీ కిందికీ ఆడటం మొదలైంది. ఇంతకాలం చూస్తూ ఇది తలకిందులుగా ఊహించుకున్నానన్నమాట. పోసేది వాడు కాదు. తీసుకునేవి అవి. వాడు చేసేదల్లా అందుబాటులో ఉండటం.

ఉగ్గుగిన్నె పక్కన పెట్టేశాను. బొట్టుకాటుకల దగ్గర బోర్లించి ఉన్న చిన్న స్టీలు కప్పు తీసి, వేడినీళ్ళతో కడిగి, మిగిలిన పాలు కొంచెం పోశాను. మోహినిని పడుకోబెట్టలేదు, ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి, వీపు వెనక ఎడమ చెయ్యి పెట్టాను, కిటికీ వైపు తిప్పాను, అటు ఏదో కదులుతోంది కాబట్టి దాని కళ్ళు అటే ఉన్నాయి. కప్పు అంచు కింది పెదవికి ఆనించాను. పాలు పెదవిని తాకేంత మాత్రం వంచి ఆపేశాను. ఇంకా వంచమని నా మణికట్టు పోరుతోంది, వంచితే పోతుంది కదా లోపలికి, పని అయిపోతుంది కదా అని. వంచలేదు. అది పెదవి నొక్కుకుంది. తల తిప్పుకుంది. కప్పు తీసేశాను, తిరిగొచ్చాక మళ్ళీ ఆనించాను. మళ్ళీ తిప్పుకుంది. చూరు కింద వాడు ఓపిగ్గానే ఉన్నాడు, వాడికి ఫోన్లు రావు. మూడోసారో నాలుగోసారో దాని నాలుక బయటికి వచ్చింది, కప్పు అంచు మీద తడిమింది, పాలలో ముంచి లోపలికి తీసుకుంది, ఏదో ఆలోచించింది. వాళ్ళమ్మ రుచి అది, తెలియకుండా ఉంటుందా? నాలుక మళ్ళీ వచ్చింది. ఈసారి గుటక వినబడింది.

తాగుతోంది. పిల్లిపిల్లలా నాలుకతో అందుకుంటూ, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని, నా వేలు పట్టుకుని, తనకి కావలసినప్పుడు తాగుతోంది. గెడ్డం మీద కారుతోంది, కారనీ. గుటక వేసినప్పుడల్లా దాని గొంతులో చిన్న కదలిక, దాన్ని చూస్తుంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి, ఎందుకు రావాలో ఆలోచించే తీరిక కూడా లేదు. సంతోషంగా ఉంది. ఒట్టి సంతోషం కాదు, నేను దీనికి పనికొచ్చాననే సంతోషం. అయ్యా, ఇది నీకు ఎవరూ చూపించలేదు కదా అనిపించింది. కప్పు ఖాళీ అయితే మళ్ళీ పోశాను. గిన్నె అడుగున కాస్త ఉండగా తల నా మోచేతి మీదికి వాల్చేసింది, నోరు సగం తెరిచి, మూతి చుట్టూ తెల్లగా, నిద్ర. వసారాలో ఎండుచేపల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది, అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, ఎంతసేపటినుంచి ఉందో.

ఆటో చప్పుడు. యామిని పరుగున వచ్చింది, చెప్పులు విడవలేదు, జాకెట్టు ముందు భాగం రెండు పక్కలా తడిసిపోయి ఉంది, ఆసుపత్రి కార్డు మెడలో అటూ ఇటూ ఊగుతోంది. దాదాపు ఖాళీ అయిన గిన్నె చూసింది, నా ఒళ్ళో నిద్రపోతున్న పిల్లని చూసింది. నవ్వింది. మరుక్షణం ఆ నవ్వు ఏమైపోయిందో, పిల్ల పక్కన నేల మీద కూలబడి మెల్లగా అడిగింది. "నానెల్లాక ఏడిసిందా బావా?" నేను ఇంతసేపూ పిల్ల తాగాలనే కోరుకున్నాను, తాగితే ఈమెకి ఎలా ఉంటుందో ఒక్కసారీ తలచుకోలేదు. "ఏడిసింది. సానా ఏడిసింది. నీకోసమే," అన్నాను. అది నిజమే కాబట్టి చెప్పడం తేలికైంది. తల ఊపింది, కళ్ళు తుడుచుకుంది, లోపలికి పోయి చాలాసేపటికి బయటికి వచ్చింది. పాలతో నిండిన గిన్నె ఇంకా వెచ్చగా ఉంది, దాన్ని నా చేతిలో పెట్టి, "సాయంత్రానికి ఇది," అంది. నిలబడే నాలుగు ముద్దలు తిని, అదే ఆటోలో వెనక్కి వెళ్ళింది. ఈసారి గడప దగ్గర వెనక్కి తిరిగింది ఒకసారే.

ఫోన్ మోగింది, లోకనాథం మావ. పిల్ల లేస్తుందని గొంతు తగ్గించి మాట్లాడాను. రాను మావా అన్నాను. ఈ ఏడా అన్నాడు. ఈ ఏడూ రాను, పై ఏడూ రాను. "ఏటిరా అక్కడ నీకంత పని?" అని అడిగాడు. "పిల్లకి పాలు పట్టాల మావా." అతను నవ్వాడు, పక్కవాళ్ళకి చెప్పాడు, వాళ్ళూ నవ్వారు, ఫోన్లోంచి ఆ నవ్వులు గదిలోకంతా వినబడ్డాయి. పెట్టేశాను. గుమ్మంలో అమ్మ ఇంకా అలాగే ఉంది, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, నన్ను కాదు, పిల్లని చూస్తూ.

"మీ అయ్య సంచీ సర్దుకున్నప్పుడల్లా ఎండుసేపలు మూట కట్టి ఇచ్చీదాన్ని," అంది. "ఉండిపొమ్మని ఒక్కేడూ అడగనేదు. అలగ అడగొచ్చని నాకు తెల్దురా."